కమలాబాయి రాసిన చీటీలు

పద్మారావు నగర్‌లో మేం వెళ్లే లైబ్రరీకి బోర్డు లేదు. జాకెట్లు కుట్టే దుకాణం పక్కన సన్నటి సందు, సందు చివర ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు తీసి ఉంటే లైబ్రరీ ఉన్నట్టు, వేసి ఉంటే లేనట్టు. లోపల ఒకటే గది. నేల నుంచి పైకప్పు దాకా చెక్క అరలు, వాటి నిండా పిల్లల ఇంగ్లీషు పుస్తకాలు.

ఆ గదిని నడిపే కమలాబాయి గారికి అరవై నాలుగేళ్లు. ఆమె ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతారు, అట్ట మీది పేరు కూడబలుక్కుని చదువుతారు, అంతే. అక్కడున్న పదకొండు వందల పుస్తకాల్లో ఆమె ఒక్కటి కూడా చదవలేదు. అయినా ఏ పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలో ఆమెకి తెలిసినంతగా తెలిసినవాళ్లని నేను చూడలేదు. ఆమె చదవలేదన్న సంగతి నాకు తెలియడానికే ఐదు నెలలు పట్టింది.

ఆమె భర్త బ్రహ్మచారి గారు వడ్రంగి. దగ్గర్లోని ఒక బడిలో బల్లలు, కుర్చీలు బాగుచేసే పని చేసేవారు. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆ బడివాళ్లు చిరిగిన పుస్తకాలు తీసి పారేసేవారు. ఆయనకు పుస్తకాలు చదవడం రాదు కానీ, విరిగిన వస్తువు దేన్నీ పారేయనిచ్చే మనిషి కాదు. వాటిని సంచుల్లో మోసుకొచ్చి, వీపులు ఊడిపోయినవాటికి గుడ్డ పెట్టి, మైదా జిగురు పూసి, బండ కింద పెట్టి ఆరబెట్టేవారు. ఆరబెట్టినవి ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. సందులో పిల్లలు వచ్చి అడిగితే ఇవ్వడం మొదలుపెట్టారు. అది ఇరవై రెండేళ్ల కిందటి మాట.

ఇచ్చేటప్పుడు కమలాబాయి గారు ఒక షరతు పెట్టారు. "నాకు ఇంగ్లీష్ రాదు. మీరు చదివి నాకు చెప్పాలె. చెప్పకుంటె ఇంకోటి ఇయ్య."

ఆ షరతు ఈనాటికీ ఉంది. పుస్తకం తిరిగి తెచ్చిన పిల్ల గది మధ్యలో ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చుని కథంతా చెప్పాలి. కమలాబాయి గారు నేల మీద చాప వేసుకుని, మోండా మార్కెట్ నుంచి తెచ్చుకున్న కూరలు ముందేసుకుని, ఏదో ఒకటి ఒలుస్తూ వింటారు. మధ్యలో ప్రశ్నలు అడుగుతారు. అంతా విన్నాక పెన్సిలుతో ఒక చీటీ మీద రెండు మూడు ముక్కలు తెలుగులో రాసి, పుస్తకం వెనక అట్ట లోపల అంటిస్తారు. తర్వాత వచ్చే పిల్లలకు ఆ చీటీయే దారి. తెలుగు చదవడం రానివాళ్లకి ఆమే చదివి వినిపిస్తారు.

"కుక్క ఉన్నది. కుక్క బతుకుతది."

"మొదట్ల నలభై పేజీలు నిద్రొస్తది. ఓర్చుకోవాలె."

"దయ్యం ఒట్టిదే. తమ్ముళ్లున్నోళ్లకు మస్తు నచ్చుతది."

"అమ్మ లేని పిల్ల కథ. ఇంట్ల అమ్మకు పానం బాగలేనోళ్లు ఇప్పుడు చదవొద్దు."

నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో, మాత్రలు పరీక్ష చేసే ప్రయోగశాలలో పని చేస్తాను. ప్రతి బ్యాచ్‌కీ ఏం ఉంది, ఎంత ఉంది, ఏం ఉండకూడదు అని రాసి కింద సంతకం పెడితే తప్ప మందు బయటికి పోదు. ఆ చీటీలు మొదటిసారి చూసినప్పుడు నాకు మా సర్టిఫికెట్లే గుర్తొచ్చాయి. చాలా నెలల తర్వాత ఆ రోజు కాస్త ఊపిరి ఆడినట్టనిపించింది.

అప్పటికి మా ఇంట్లో పరిస్థితి అలా ఉంది. కిందటి సెప్టెంబరులో నా భార్య మాధురికి డెంగీ వచ్చింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. మా అమ్మాయి శ్రీలేఖకి తొమ్మిదేళ్లు. అమ్మ ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లిందని దానికి చెప్పాను. తెలిస్తే తట్టుకోలేదని నా భయం. పగలు ఆస్పత్రి, సాయంత్రం బోయిగూడలో ఇల్లు, దానికి అన్నం పెడుతూ విజయవాడ కబుర్లు. మాధురి ఇంటికి వచ్చిన రోజు ఆమె చేతి మీద నీలంగా కమిలిన సూది మచ్చలున్నాయి. శ్రీలేఖ ఆ చేతిని చూసింది, నన్ను చూసింది, ఏమీ అడగలేదు.

జ్వరం వచ్చి తగ్గిందని మాత్రం ఆ రాత్రి దానికి చెప్పాం. తర్వాతి వారం నుంచి మొదలైంది. స్కూల్లో మధ్యాహ్నం అన్నం వేళ టీచర్‌ని బతిమాలి మాధురికి ఫోన్ చేయిస్తుంది. ఆదివారం మాధురి కాస్త నడుం వాలిస్తే మంచం పక్కన నిలబడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. టీవీలో ఎవరైనా దగ్గితే లేచి వెళ్లిపోతుంది. మేం వెళ్లిన డాక్టరమ్మ, టైమ్ పడుతుందండీ, పుస్తకాలు ఇష్టమైతే చదవనివ్వండి అంది. పుస్తకాలంటే దానికి ఇష్టమే, అందులోనూ మాయలూ మంత్రాలూ ఉన్నవి. నేను కొనడానికి వెతికితే, అలాంటి పుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే అమ్మో నాన్నో పోతారు. వాళ్లు పోతేగాని ఆ పిల్లలు ఇల్లు దాటి బయటికి పోరు. ఎవరూ చనిపోని పుస్తకం కోసం నేను రోజూ రైల్లో వస్తూ పోతూ ఫోన్‌లో వెతుకుతుండేవాణ్ని. కళ్లు మండేవి గాని పుస్తకం దొరికేది కాదు.

కమలాబాయి గారి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతంతా పక్కకు పిలిచి చెప్పాను. ఆమె విని, శ్రీలేఖని చూసి, "ఏం బిడ్డా, పడవలంటె ఇష్టమేనా?" అని అడిగారు.

అలా మా ఇంటికి 'పొగమంచు పడవ' వచ్చింది. అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది, అక్కడి పిల్లలందరూ ఇలాగే అంటారు. నీళ్లు లేని ఒక పెద్ద సరస్సు, దాని నిండా పొగమంచు. ఆ మంచు మీద తేలే పడవలు. ఇల్లా అనే పదకొండేళ్ల పిల్ల, ఆమెకు పడవ నడపడం నేర్పే ముసలాయన. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని పడవలు బాగుచేస్తుంటాడు, మేకులు ఉన్నంతసేపు మాట్లాడడు, అవి అయిపోయాక ఆపకుండా మాట్లాడతాడు. పిల్లలు ఆయన్ని పడవ తాత అంటారు. శ్రీలేఖ ఆ పుస్తకాన్ని నాలుగు రోజుల్లో చదివేసింది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క రోజు కూడా స్కూలు నుంచి ఫోన్ రాలేదు.

స్టూలు మీద కూర్చుని అది కథ చెబుతుంటే కమలాబాయి గారు నవ్వుకున్నారు. "మొదటిపారి సుమిత్ర గీ కథ చెప్పినప్పుడు మా ఆయన గీడనే కూసున్నడు. నోట్లె మేకులు అనంగనే, గీయనెవలో నా లెక్కనే ఉన్నడే అన్నడు. సచ్చిపోయేదాంక అదే ముచ్చట. నా బొమ్మ పుస్తకంల ఏసిన్రు అని అందరికి చెప్పుడే."

బ్రహ్మచారి గారు కిందటేడు జూన్‌లో పోయారు. నేను ఆయన్ని చూడలేదు, ఆయన చేసిన అరలే చూశాను.

రెండో భాగం కోసం శ్రీలేఖ నా ప్రాణం తీసింది. ఆ లైబ్రరీలో అది ఒక్కటే కాపీ, వరసలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. మా వంతు ఏప్రిల్‌లో వచ్చింది. నేను ముందే ఇంటర్నెట్‌లో చూశాను. చదివినవాళ్లందరూ కథ ముగింపు చెప్పేస్తే మజా పోతుందని జాగ్రత్తగా దాచారు. కళ్లు చెమర్చాయి అని మాత్రం రాశారు. అందుకే నేరుగా కమలాబాయి గారినే అడిగాను.

"దీంట్లో ఎవరూ చనిపోరు కదమ్మా?"

"ఎవ్వలు పోరు సార్. తాత జెర దూరం పోతడు, మల్ల వస్తడు. చీటీ మీద సుత రాసిన సూడుండ్రి."

చూశాను. "పడవ తాత మంచులకు పోతడు. భయపడొద్దు. తిరిగొస్తడు."

"మీరు చదివారా?" అని అడిగాను. అప్పుడే ఆమె తనకు ఇంగ్లీషు చదవడం రాదని చెప్పారు. నా మొహం చూసి ఉంటారు, "పరేషాన్ గాకుండ్రి సార్. ఎనిమిది మంది పోరగాళ్లు గా స్టూల్ మీద కూసోని చెప్పిన్రు. ఒక్క మాట తేడా లేదు," అన్నారు.

మా ప్రయోగశాలలో ఎనిమిది పరీక్షల ఫలితాలు ఒక్క అంకె తేడా లేకుండా వస్తే ముందు అనుమానించేది నేనే. ఎవరో ఒకరు పరీక్ష చేయకుండా పక్కవాడిది చూసి రాశారని అర్థం. ఆ రోజు నాకు అనుమానం రాలేదు. అలసిపోయి ఉన్నాను, ఎవరో ఒకరు భయం లేదని చెప్పాలి, ఆమె చెప్పారు.

ఆదివారం మధ్యాహ్నం శ్రీలేఖ పుస్తకం ముగించింది. నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అది హాల్లో లేదు. పడక గదిలో మాధురి మంచం పక్కన, నేల మీద, మంచం కోడుకి ఆనుకుని కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో మూసి ఉంది. ఏడవడం లేదు. ఏమైంది అంటే, "పడవ వచ్చింది నాన్నా. ఖాళీగా వచ్చింది," అంది.

చివరి ముప్పై పేజీలు నిలబడే చదివాను. మంచు ఊరి మీదికి ఎక్కుతుంది. దాన్ని ఆపడానికి తాత పాత పడవలో సరస్సు మధ్యకు వెళతాడు. ఇల్లాని ఒడ్డునే దింపేస్తాడు. తెల్లారి పడవ ఒక్కటే తిరిగొస్తుంది. తాత రాడు. తర్వాతి పేజీల్లో కూడా ఎక్కడా రాడు.

సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఒంటిగంటకు మళ్లీ వచ్చింది. సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా పద్మారావు నగర్ వెళ్లాను. కమలాబాయి గారిని ఏమనాలో రైల్లోనే అనుకుంటూ వచ్చాను. చదవకుండా సర్టిఫికెట్ ఎలా ఇస్తారమ్మా అని అడగాలనుకున్నాను. సందు మొదట్లో సుమిత్ర ఎదురైంది. పన్నెండేళ్లుంటాయి, ఆ లైబ్రరీలో అందరికంటే ముందు పుస్తకాలు తీసుకునేది ఆ పిల్లే. నా చేతిలో పుస్తకం చూసి ఆగింది.

"శ్రీలేఖ చదివిందా అంకుల్?"

"చదివింది. మీరందరూ తాత తిరిగొస్తాడని చెప్పారట."

ఆ పిల్ల సైకిలు గోడకి ఆనించి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "అంకుల్, అమ్మమ్మకి చెప్తున్నరా?" అక్కడి పిల్లలందరూ కమలాబాయి గారిని అమ్మమ్మ అనే పిలుస్తారు.

"చెప్పకపోతే ఎలా? చిన్నపిల్లలు చదువుతారు."

"నేను రిటర్న్ చేసినప్పుడు ఇక్కడి తాత, అమ్మమ్మ వాళ్లాయన, చనిపోయి పదమూడు రోజులే అయింది. మా మమ్మీ వద్దు పోకు అన్నది. కానీ తలుపు తీసి ఉందని పోయిన. అమ్మమ్మ నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి ఫస్ట్ అదే అడిగింది. పడవ తాత మంచిగున్నడా అని. నేనేం చెప్పాలె?"

నేను వెనక అట్ట తిప్పి ఆ చీటీ మళ్లీ చూశాను.

"మంచిగున్నడు అన్న. మంచులకెళ్లి తిరిగొచ్చిండు, పడవకి కొత్త రంగేసిండు అన్న. రంగు నేనే కలిపిన. అమ్మమ్మ చీటీ రాసింది."

"మరి మిగతా ఏడుగురు?"

"చీటీ చూసిన్రు కదా. వాళ్లకే అర్థమైంది. విజయేందర్‌కి ఒక్కనికి నేను చెప్పాల్సొచ్చింది. వానికి ఏదీ తొందరగా సమజ్ కాదు." సైకిలు తీసుకుంటూ అంది, "శ్రీలేఖకి సుత మీరు చెప్పుండ్రి. ప్లీజ్ అంకుల్."

లోపల కమలాబాయి గారు ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. నేను అక్కడ కాసేపు నిలబడి, పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ వారమంతా అదే ఆలోచన. ఒకవైపు తప్పుడు చీటీ. దాన్ని నమ్మి రేపు ఇంకో పిల్ల చదువుతుంది. ఇంకోవైపు భర్త పోయిన మనిషి, ఆయన పుస్తకంలో ఇంకా బతికే ఉన్నాడనుకుంటోంది. మాధురిని అడిగితే, "నీకు తోచింది చెయ్యి. నాకు మాత్రం ఆ పిల్లల్ని తిట్టబుద్ధి కావడం లేదు," అంది. నాకూ కాలేదు. చివరికి శుక్రవారం సాయంత్రం శ్రీలేఖని పక్కన కూర్చోబెట్టుకుని సుమిత్ర చెప్పిందంతా చెప్పాను.

"కాబట్టి రేపు స్టూల్ మీద నువ్వు కూడా తాత తిరిగొచ్చాడనే చెప్పు. అమ్మమ్మ బాధపడకుండా."

శ్రీలేఖ నా వైపు చూసింది. మాధురి ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు చూసిన చూపే.

"మళ్లీనా నాన్నా?" అంది.

అది లేచి హోంవర్క్ పుస్తకం తీసుకుంది.

శనివారం మేం వెళ్లేసరికి కమలాబాయి గారు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారు. తలుపు దగ్గర కల్పలత అనే పదేళ్ల పిల్ల, రెండో భాగానికి తర్వాతి వంతు తనది, కాలు మార్చి కాలు మీద నిలబడి ఉంది. శ్రీలేఖ స్టూలు మీద కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఏం చెబుతుందో నాకు తెలియదు.

మొదటి నుంచీ చెప్పింది. మంచు ఊరి మీదికి ఎక్కడం, గంటస్తంభం సగం మునిగిపోవడం, ఇల్లా తాతతో పోట్లాడటం. కమలాబాయి గారు ఈనెలు తీస్తూ ఊ కొడుతున్నారు.

"తాత పడవెక్కిండా?"

"ఎక్కాడు. ఇల్లాని దింపేశాడు."

"మల్ల?"

శ్రీలేఖ నా వైపు చూడలేదు. "పడవ వచ్చింది అమ్మమ్మా. తాత రాలేదు."

"ఎనుక పేజీలల్ల వస్తడు బిడ్డా. సక్కగ చదివినవా?"

"రెండుసార్లు చదివాను. నాన్న కూడా చదివారు. రాడు."

కమలాబాయి గారి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నన్ను చూశారు. "నిజమేనా సార్?"

"నిజమేనమ్మా."

ఆమె కాయను పళ్లెంలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టుకున్నారు. సుమిత్ర దగ్గర మొదలుపెట్టి ఎనిమిదో వేలు దాకా వచ్చి ఆగారు. మళ్లీ మొదటి వేలు దగ్గరికి వచ్చారు.

"సుమిత్ర ఎప్పుడు తెచ్చిచ్చింది? ఆషాఢంల. అప్పటికి దినాలైపోయినయ్ గంతే." తనలో తానే అనుకున్నట్టు అన్నారు. "నేనే అడిగిన. మంచిగున్నడా అని నేనే అడిగిన. పోరి ఏం చెప్తది."

ఆమె ఏడుస్తారేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. మాట్లాడినప్పుడు గొంతులో అలసటే ఉంది.

"వీళ్లు చెప్పిందే నా చదువు సార్. ఇంకోటి లేదు నాకు. దాంట్లనే అబద్ధం కలిస్తె నేనేం పట్టుకోని ఇయ్యాలె పుస్తకాలు? గీ పిల్లను భయపెట్టింది నేనే గదా. ఎవ్వలు పోరని మీకు చెప్పిన." అరల వైపు చూశారు. "ఇంక ఎన్నిట్ల గిట్ల చేసిన్రో. నన్ను జూసి ఎన్ని దాసిన్రో."

"మిగతావి చేసి ఉండరమ్మా," అన్నాను. నాకేం తెలుసని అన్నానో నాకే తెలియదు. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. శ్రీలేఖ వైపు తిరిగారు.

"భయమైందా బిడ్డా?"

"అయింది."

"మరి రెండోపారి ఎందుకు చదివినవ్?"

"తాత లేకపోతే ఇల్లా ఏం చేస్తుందో సరిగ్గా చూడలేదు, ఫస్ట్ టైమ్. ఏడుపొచ్చి తొందరగా తిప్పేశాను."

"ఏం చేసింది?"

"తాత సుత్తి తీసుకుని పడవకి ఊడిపోయిన చెక్క కొట్టింది. వంకరగా వచ్చింది. మళ్లీ పీకి మళ్లీ కొట్టింది." కొంచెం ఆగి అడిగింది, "మీరేం చేశారు అమ్మమ్మా? మీ ఇంట్లో తాత చనిపోయినప్పుడు?"

నేను దాన్ని వారించబోయాను. కమలాబాయి గారు చేయెత్తి నన్ను ఆపారు.

"నేనేం చెయ్యలే బిడ్డా. ఆయన సామాన్లు మూట గట్టి పైన పడేసిన. ఇప్పటిదాంక ముట్టలే. తలుపు మాత్రం రోజు తీసిన. తియ్యకుంటె మీరొచ్చి వాపస్ పోతరు గదా, అందుకని తీసిన."

"ఎవరైనా మీకు చెప్పారా? ఆయన చనిపోతారని?"

"డాక్టరు నా కొడుకుకి చెప్పిండు. వాడు నాకు చెప్పలే. నేను భయపడతనని." ఆమె చిక్కుడుకాయ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "చెప్తె బాగుండు. ఆయనకు ఉలవచారంటే పానం. డాక్టరు వద్దన్నడని పెట్టలే, తగ్గినంక పెడత అన్న. ఎరుకుంటె పెట్టేదాన్ని."

తలుపు దగ్గర కల్పలతకి ఓపిక అయిపోయింది. "అమ్మమ్మా, పుస్తకం నాకిస్తరా ఇయ్యరా?"

"తాత సచ్చిపోతడంటనే. నీకొద్దు."

"పోతే పోయిండు. మంచుల రాకాసి ఉంటదా ఉండదా?"

"రెండున్నాయి," అంది శ్రీలేఖ.

"మరి నాకియ్యుండ్రి."

కమలాబాయి గారికి నవ్వొచ్చింది. మొహం తిప్పుకుని నవ్వారు. పళ్లెం జరిపి, పుస్తకం ఒళ్లోకి తీసుకుని, పాత చీటీ మీద తడివేలితో రుద్ది, నానాక గోటితో మెల్లగా లేపారు. సగం వచ్చింది, సగం అట్టకే ఉండిపోయింది. కొత్త కాగితం కత్తిరించి, పెన్సిలు పట్టుకుని శ్రీలేఖని అడిగారు.

"చెప్పు బిడ్డా. ఏం రాయాలె?"

శ్రీలేఖ ఆలోచించుకుని చెప్పింది. ఆమె ఒక్కో మాటా తన భాషలోకి మార్చుకుంటూ రాశారు. రెండో భాగం మొదటి దానికన్నా బాగుంటుంది. మంచులో రాకాసులు రెండు. తాత తిరిగిరాడు. అది నూట తొంభయ్యో పేజీ దగ్గర వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు ఆ పేజీ చదవండి. చదివాక వాళ్లని ఏమైనా అడగాలనిపిస్తే అడగండి.

'తిరిగిరాడు' దగ్గర పెన్సిలు ఆగింది. ముందు 'రాడు' అని ఒక్క మాటే రాశారు. అది సరిపోదనుకున్నారో ఏమో, దాని కింద గీత గీసి, పక్కన ఇంకోసారి పూర్తిగా రాశారు. జిగురు పూసి అంటించి, అది ఆరకముందే కల్పలత చేతిలో పెట్టారు. ఆ పిల్ల వెనక అట్ట చూడకుండానే మొదటి పేజీ తెరుచుకుంటూ సందులోకి నడిచింది.

మేం బయల్దేరుతుంటే కమలాబాయి గారు గుమ్మం దాకా వచ్చారు. "సుమిత్ర రేపు వస్తది. దాన్నేం అనకుండ్రి సార్. నేను సుత ఏమనను. కాని ఇంక కథ వినేటప్పుడు ముందుగాల నేను ఏమడగ. వాళ్లు చెప్పేదాంక నోరు మూసుకోని కూసుంట." తర్వాత లోపలికి వెళ్లి, మొదటి అర దగ్గర నిలబడి, ఒక్కో పుస్తకం తీసి వెనక అట్ట తిప్పి చూడటం మొదలుపెట్టారు. పదకొండు వందలు. ఆ వేసవి సెలవులంతా ఆమె పాత పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడుగుతూనే ఉన్నారు. ఇంకో మూడు చీటీలు మారాయని విన్నాను. వాటిలో ఒకటి కుక్కది.

ఇంటికి నడుస్తుంటే శ్రీలేఖ అడిగింది. "అమ్మకి మళ్లీ ఆ జ్వరం వస్తుందా?"

ఇన్నాళ్లూ ఎన్నిసార్లు అడిగినా రాదనే చెప్పాను. జవాబు నోటి చివరికి అలవాటుగా వచ్చింది. ఆపుకున్నాను.

"రావచ్చు. ఆ జ్వరం తెచ్చే వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోయింది. మిగతావి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఈసారి నీకు చెప్తాం."

"ఆ రోజే చెప్తారా?"

"ఆ రోజే."

"నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తారా?"

"లోపలికి రానిస్తే తీసుకెళ్తాను. రానివ్వకపోతే, రానివ్వడం లేదని చెప్తాను."

బోయిగూడ దాకా అలాగే అడుగుతూ వచ్చింది. ఎంత జ్వరం వచ్చింది, ఎక్కడ పడుకుంది, రక్తం ఎక్కించారా, ఎవరిది. చెప్పే కొద్దీ ఇంకా ఉన్నాయి. నాకు కాళ్లు నొప్పి పుడుతున్నాయి, దానికి పుట్టడం లేదు. తెలియనివాటికి తెలియదని చెప్పాను.

ఇంటికి వచ్చాక అది నేరుగా మాధురి దగ్గరికి వెళ్లి, "ఆస్పత్రి కాగితాలు ఉన్నాయా?" అని అడిగింది. మాధురి నన్ను చూసింది. నేను తలూపాను. ఆమె బీరువాలోంచి ఫైలు తీసింది. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. లోపల పదకొండు రోజుల కాగితాలు తేదీల వరసలో ఉన్నాయి. ప్లేట్‌లెట్లంటే ఏంటో, ఎన్ని ఉండాలో చెప్పాను. అది వేలు పెట్టి ఒక్కో రోజు అంకె చదువుకుంటూ వచ్చింది. తొంభై వేలు. డెబ్బై రెండు వేలు. నలభై వేలు. ఇరవై ఆరు వేలు. ఐదో రోజు దగ్గర వేలు ఆగింది. పద్నాలుగు వేలు.

"ఈ రోజు నాకేం చెప్పారు?"

గుర్తు తెచ్చుకున్నాను. "అమ్మ ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, అందుకే మాట్లాడలేదని చెప్పాను."

"నిజంగా ఏమైంది?"

మాధురి చెప్పింది. తనకు గుర్తున్నది కొంచెమే, ఆ కొంచెం చెప్పింది. తనకు గుర్తులేనిది నేను చెప్పాను. బయట వరండాలో కుర్చీ లేక మెట్ల మీద కూర్చున్నానని, నాకు చాలా భయమేసిందని కూడా చెప్పాను. శ్రీలేఖ వాళ్లమ్మ చేయి పట్టుకుని, మచ్చలు ఉండాల్సిన చోట బొటనవేలితో ఒత్తి చూసింది. మచ్చలు ఎప్పుడో పోయాయి.

తర్వాత ఆ కాగితం తిప్పి, ఆరో రోజుది తీసింది.